పాత ఆల్టో స్టూలు కొంటున్నారా? ముందు కాలి వంపు చూడండి

ఫిన్లాండ్‌లో హెల్సింకీ, ఎస్పో వైపు ఉండే మనవాళ్లు చాలామంది ఇంటి సామాన్లు సెకండ్ హ్యాండ్‌లోనే కొంటారు, అందుకే ఇది రాస్తున్నాను. పోయిన నెల 120 యూరోలు పెట్టి "1950ల నాటి అసలైన ఆల్టో స్టూలు" అని కొన్నాను. ఆల్టో అంటే ఆ రకం స్టూలును రూపొందించిన ఫిన్లాండ్ ఆర్కిటెక్ట్. నేను కొన్నది మాత్రం నకిలీది.

ఆన్‌లైన్ ప్రకటనలో ఫొటోలన్నీ పైనుంచి తీసినవే. గుండ్రటి పీట, మూడు కాళ్లు, పాతబడిన తేనె రంగు. అమ్మినాయన చీకటి పడ్డాక మెట్రో స్టేషన్ దగ్గర ఇచ్చాడు. తిరగేసి చూడకుండా తెచ్చేసుకున్నాను. ఇంట్లో లైటు కింద పెట్టాకే అనుమానం వచ్చింది.

అల్వార్ ఆల్టో 1933లో చేసిన ఈ స్టూలుకు ప్రాణమంతా కాలి వంపులోనే ఉంది. అప్పట్లో కొత్త తరహా కుర్చీలకు స్టీలు గొట్టాలు వంచేవారు. ఆయన తన దేశంలో దండిగా దొరికే బిర్చ్ అనే చెట్టు చెక్కనే వంచాడు. కాలు గట్టి చెక్కే. వంగాల్సిన పైభాగంలో మాత్రం రంపంతో సన్నగా చీల్చి, ఆ చీలికల్లో పల్చటి చెక్క రేకులు జిగురుతో దూర్చి, అప్పుడు వంచుతారు. కాబట్టి పొరల గీతలు వంపు దగ్గర కనబడి, కాస్త కిందికి వచ్చి ఆగిపోవాలి. అక్కడినుంచి నేల దాకా ఒకే చెక్క ఉండాలి.

నా స్టూలుకు ఆ గీతలు పైనుంచి పాదం దాకా ఉన్నాయి. అంటే పొరలు అంటించి అచ్చులో వంచిన ప్లైవుడ్ కాళ్లు. కూర్చోవడానికి ఇబ్బందేమీ లేదు, కానీ నేను డబ్బిచ్చింది ఆ పనితనానికి.

అమ్మినాయన్ని అడిగితే "అడుగున ముద్ర ఉందిగా" అన్నాడు. సిరా ముద్ర ఎవరైనా కొట్టుకోవచ్చు, దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. ఇంకోసారి అడిగేసరికి నన్ను బ్లాక్ చేశాడు. ఫిన్లాండ్‌లో మామూలు మనుషులు ఒకరికొకరు అమ్ముకునే వస్తువులకు వినియోగదారుల రక్షణ చట్టం వర్తించదు. ఈ సంగతి కూడా నాకు ఆ తర్వాతే తెలిసింది.

నాలుగు కాళ్లుంటే నకిలీ అనుకోకండి, అసలువాటిలో ఆ రకమూ ఉంది. ఎక్కువ డబ్బు పెట్టేటట్టయితే ఈ స్టూళ్లు తయారుచేసే కంపెనీ ఆర్టెక్ వాళ్లే హెల్సింకీలో పాతవి అమ్మే సెకండ్ సైకిల్ అనే షాపు చూడండి. బయట కొంటే స్టూలు తిరగేసి, పగటి వెలుతురులో, కాలిని పక్కనుంచి వంపు నుంచి పాదం దాకా కనబడేలా తీసిన ఫొటో అడగండి. పంపకపోతే వదిలేయండి.