ముప్పై దాటాక ఐటీ చదువు: అమీర్‌పేటా, ఎంసీఏనా, ఇంటి నుంచే డిగ్రీనా?

మిర్యాలగూడలో రైస్ మిల్లు లెక్కలు రాస్తూ, 32 ఏళ్ల వయసులో నేను మళ్లీ పుస్తకం పట్టాను. అప్పటి నుంచి నల్లగొండ, పాలమూరు వైపు తమ్ముళ్లు అడిగేది ఒకటే. "అన్నా, నౌకరి ఇడిసిపెట్టి అమీర్‌పేట పోవాల్నా? ఎంసీఏ చెయ్యాల్నా? ఇంటికాడనే ఆన్‌లైన్‌ల చదవాల్నా?"

ముందు అమీర్‌పేట సంగతి. హైదరాబాద్‌లోని ఈ పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్లలో మూడు నాలుగు నెలల్లో జావా, పైథాన్, టెస్టింగ్ నేర్పిస్తారు. ఫీజు మాత్రమే చూస్తే చవకే. కానీ ఎస్సార్ నగర్ హాస్టల్ ఖర్చు, ఆగిపోయిన జీతం, కోర్సు అయ్యాక ఉద్యోగం వెతికే నెలలు కూడా కలపాలి. "చదువుకో, వద్దంటలేను. జీతం ఆగితే చిట్టీ ఎట్ల కడ్తం?" అని మా ఇంటావిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు. అయినా నెల సెలవు పెట్టి వెళ్లాను. నేను చేరిన చోట చెప్పే సార్లు మంచివాళ్లే. కానీ ఆఫీసులో కూర్చున్న మనిషి మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ కాగితాలు కూడా పుట్టిస్తామన్నాడు. ఆ రోజే బయటికొచ్చాను. దయచేసి ఆ పని చేయకండి. చేరిన తర్వాత వెరిఫికేషన్‌లో దొరికినా ఉద్యోగం పోతుంది.

ఎంసీఏ, అంటే కంప్యూటర్ అప్లికేషన్స్‌లో పీజీ, ఆ దారి గట్టిది. ఐసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. ఒకప్పుడు మూడేళ్లుండే కోర్సు 2020 నుంచి రెండేళ్లయింది. మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉంది కాబట్టి అటువైపు వాళ్లు హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. అయితే నేను ఆరా తీసినప్పుడు ఇంటర్‌లోగానీ డిగ్రీలోగానీ లెక్కలు చదివి ఉండాలన్నారు. ఎంఈసీ వాళ్లకు ఇబ్బంది లేదు. నాలాగా సీఈసీ, ఆపైన మామూలు బీకాం చేసినవాళ్లకు అప్పట్లో అక్కడే దారి మూసుకుపోయింది; ఇప్పుడు రూలు ఎలా ఉందో కనుక్కోండి. 25 లోపు వయసుండి, రెండేళ్లు ఇంటి భారం మోసేవాళ్లుంటే ఎంసీఏకే నా ఓటు. క్లాసులో తోటివాళ్లుంటారు, ల్యాబ్ ఉంటుంది, ఇంటర్న్‌షిప్ వెతుక్కోవడానికి సమయం ఉంటుంది.

నేను ఎంచుకున్నది మూడోది, ఐఐటీ మద్రాస్ వారి ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీ. 2021 జనవరిలో తరగతులు మొదలయ్యాయి. జేఈఈ అక్కర్లేదు, వయసు అడ్డు లేదు. ఇంటర్ పాసై, పదిలో లెక్కలు, ఇంగ్లిష్ చదివి ఉంటే చాలు. ముందు నాలుగు వారాల పాఠాలు చదివి, క్వాలిఫయర్ పరీక్ష గట్టెక్కాలి. కుటుంబ ఆదాయం, కేటగిరీని బట్టి ఫీజులో రాయితీ ఉంది. నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది ఇంకొకటి: ఫౌండేషన్, డిప్లొమా, డిగ్రీ అని మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒక మెట్టు పూర్తిచేసి ఆగినా అప్పటిదాకా పడిన కష్టానికి సర్టిఫికెట్ చేతికొస్తుంది.

పాఠాలు ఇంట్లోనే అయినా పరీక్షలు సెంటర్‌కెళ్లి రాయాలి. నేను పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ వెళ్తాను. స్టాటిస్టిక్స్ నన్ను ఏడిపించింది. పదేళ్లు లెక్కలు రాసినా ప్రాబబిలిటీ వేరే లోకం. ఏడాదికి మూడు టర్ములు. సెప్టెంబర్ టర్ము సగానికొచ్చేసరికి మిల్లుకు వానాకాలం వడ్లు దిగుతాయి, రాత్రి పదకొండుకు గానీ ఇల్లు చేరను. ఆ టర్ములో ఒక్క సబ్జెక్టే తీసుకుంటాను. డిగ్రీ ఆలస్యమవుతుంది, నిజమే. కానీ ఇంట్లో జీతం ఆగలేదు, పిల్లల ఫీజు ఆగలేదు. అందుకే సంసారం ఉన్నవాళ్లకు ఇదే మేలంటాను. అమీర్‌పేటకు వెళ్లాలనుంటే, సగం చదువు అయ్యాక ఏదో ఒక్క సాఫ్ట్‌వేర్‌లో చేయి తిరగడానికి వెళ్లండి.

మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లిలో, నల్లగొండలో 2023లో ఐటీ టవర్లు తెరిచారు. ఊళ్లోనే ఉద్యోగం దొరికితే అంతకన్నా ఏం కావాలి? కానీ ఉద్యోగం హైదరాబాద్‌లోనే దొరకొచ్చు, ఇల్లు నడిచే లెక్క మాత్రం హైదరాబాద్ అద్దెలతోనే వేసుకోండి.

ఏ దారికీ డబ్బు కట్టకముందే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వెబ్‌సైట్ ‘స్వయం’లో ఉచితంగా ఉండే ఎన్‌పీటెల్ (ఐఐటీల వాళ్లు చెప్పే పాఠాలు) ప్రోగ్రామింగ్ కోర్సు ఒకటి మొదలుపెట్టండి. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. పనికెళ్లి వచ్చాక వారం వారం అసైన్‌మెంట్లు చేయగలుగుతున్నారా లేదా చూసుకుని, అప్పుడు నాకు ఫోన్ చేయండి తమ్ముడూ.