రెండు రైళ్ల మధ్య పీసా: మూడు గంటలు చాలు, చిక్కంతా సూట్‌కేసుతోనే

ఇటలీలో ఫ్లోరెన్స్ నుంచి సముద్రపొడ్డున ఉన్న ఐదు ఊళ్లు, చింక్వే తెర్రే వైపు వెళ్లేవాళ్లకు వాలు టవర్ ఉన్న పీసా దారిలోనే తగులుతుంది. రీజనల్ రైలులో, అంటే చుట్టుపక్కల ఊళ్ల మధ్య తిరిగే మామూలు రైలులో, గంట, గంటంపావు ప్రయాణం. సీటు రిజర్వేషన్ ఉండదు, ఎప్పుడు కొన్నా టికెట్ ధర ఒకటే. కాగితం టికెట్ అయితే రైలెక్కే ముందే స్టేషన్లోని మెషీన్లో ముద్ర వేయించుకోవాలి, ఫోన్లో కొన్నదైతే చెక్-ఇన్ చెయ్యాలి. ఫైన్లు పడేది ఇక్కడే. డబ్బు కట్టాం కదా అని ధీమాగా కూర్చుంటారు, ముద్ర పడని టికెట్‌ను చెకింగ్ వాళ్లు టికెట్ కిందే లెక్కెయ్యరు.

ఎక్కడ దిగాలన్నది సామానును బట్టి ఉంటుంది. సాన్ రొస్సోరే స్టేషన్ నుంచి టవర్ పది నిమిషాల నడక కూడా ఉండదు, కానీ అక్కడ సామాను దాచుకునే చోటు లేదు. పక్క ఊరు లూకా నుంచి వచ్చే రైళ్లు ఇక్కడ ఆగుతాయి. పెట్టెలుంటే పెద్ద స్టేషన్ పీసా చెంత్రాలేలో దిగి లగేజీ గదిలో పెట్టెయ్యండి, ఎన్నింటికి మూస్తారో అప్పుడే అడిగేయండి. అక్కడి నుంచి టవర్‌కు నడిస్తే పాతిక నిమిషాలు. బస్సున్నా నడకే మేలు: కోర్సో ఇతాలియా వీధి, ఆర్నో నది మీద పోంతే ది మెజ్జో వంతెన, ఆపైన బోర్గో స్త్రెత్తో. స్టేషన్ దాటగానే చర్చి వెనక గోడ మీద అమెరికన్ చిత్రకారుడు కీత్ హేరింగ్ 1989లో వేసిన పెద్ద బొమ్మ ఉంటుంది. ఐదు నిమిషాలు చాలు, టికెట్ లేదు.

టవర్ వాలింది దక్షిణానికి. అందుకే దక్షిణపు వీధిలోంచి వస్తే అది మనవైపే ఒరిగి ఉంటుంది, వంపు పెద్దగా తెలియదు. పడమటి గేటు దగ్గర నిలబడితే బాప్తిస్తరీ (బాప్తిస్మాలిచ్చే గుండ్రటి కట్టడం), కెథెడ్రల్ (పెద్ద చర్చి), వాటి వెనక కుడికి ఒరిగిన టవర్ వరసగా కనిపిస్తాయి. కాస్త ఆగి చూడండి, టవర్ తిన్నగా కూడా లేదు, అరటిపండులా వంగి ఉంటుంది. 1173లో మొదలుపెట్టారు. మూడో అంతస్తుకే మెత్తటి నేల కుంగడంతో పని చాలా ఏళ్లు ఆగింది. తర్వాత కట్టినవాళ్లు పై అంతస్తుల్లో వంపు సర్దబోయారు. 1990లో సందర్శకులను ఆపేసి, ఉత్తరం వైపు పునాది కింద మట్టి కొద్దికొద్దిగా తోడి, వాలును అర డిగ్రీ దాకా వెనక్కి తెచ్చారు. 2001లో మళ్లీ తెరిచారు.

టవర్ ఎక్కాలంటే సుమారు 20 యూరోలు, టైము స్లాటు ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి. రైలు ఆలస్యమై స్లాటు పోతే డబ్బు గల్లంతే, కనీసం గంట ఎడం ఉంచండి. ఎనిమిదేళ్ల లోపు పిల్లల్ని రానివ్వరు. హ్యాండ్‌బ్యాగు సహా సంచులన్నీ క్లోక్‌రూములో ఇవ్వాలి, పెద్ద సూట్‌కేసులు అక్కడ తీసుకోరు. లిఫ్టు లేదు. పాలరాతి మెట్లు మధ్యలో అరిగి నున్నగా ఉంటాయి, తిరిగే కొద్దీ ఒళ్లు ఒకసారి లోపలి గోడకు, ఒకసారి బయటి గోడకు తూలుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు వద్దనే చెప్తాను. వాళ్లకు బాప్తిస్తరీ టికెట్ చాలు, దాంతోనే కెథెడ్రల్ కూడా చూడొచ్చు.

శాకాహారులు టవర్ పక్క రెస్టారెంట్ల జోలికి పోకుండా, ఊళ్లో పిజ్జా కొట్టులో చెచీనా అడగండి. శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్లెంలో కాల్చే అట్టు అది. మిరియాలు చల్లుకుని వేడిగా తినాలి, ఆరితే బాగోదు.

రాత్రి బసకు పీసా కన్నా లూకా నయం, రైలులో అరగంటే. తెల్లవారుజామున విమానం ఉంటే మాత్రం చెంత్రాలే దగ్గరే గది తీసుకోండి, పీసామూవర్ అనే షటిల్ రైలు ఐదు నిమిషాల్లో ఎయిర్‌పోర్టుకు చేరుస్తుంది. ఊరి పన్ను గది అద్దెకు అదనం.

బయల్దేరే ముందు రోజు రైల్వే సమ్మె ఉందేమో చూసుకోండి, ఇటలీలో అది మామూలే. పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రీజనల్ రైళ్లు తప్పక నడుపుతారు. సమ్మె రోజున వెళ్లక తప్పకపోతే రాకపోకలు రెండూ ఆ వేళల్లోనే పెట్టుకోండి, టవర్ స్లాటు కూడా దాన్ని బట్టే.