చెవిలో లోతైన హోరుకి పాత వూఫరు, బ్రౌన్ నాయిస్: ఏళ్ల తరబడి వాడాక

ఇది కొత్త వస్తువు మీద సమీక్ష కాదు. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో పాత సామాను కొట్లో కొన్న వూఫరు సెట్టు, దాంట్లోంచి రాత్రంతా చిన్నగా వచ్చే బ్రౌన్ నాయిస్, అంటే వాన హోరులా లోతుగా ఉండే శబ్దం. ఇంతే నా మందు. చెవిలో సన్నగా కీచుమని మోగేవాళ్లకి ఇంత అక్కర్లేదు, ఫోన్ సరిపోతుంది. నాలాగ లోతుగా ‘గుంయ్’మని, ఆగకుండా మోగేవాళ్లకి మాత్రం అమ్మకానికి ఉన్న వాటిలో పనికొచ్చేవి చాలా తక్కువ. అందుకే రాస్తున్నాను.

నాది సౌండ్ సిస్టమ్ పని. గైరమ్మ సంబరాలు, వినాయక నిమజ్జనాలు, పెళ్లి ఊరేగింపులు. వ్యాన్ మీద బేస్ బాక్సులు, వెనక జనరేటరు, మధ్యలో మిక్సరుతో నేను. నా ఎడమ చెవికీ పక్కనున్న బాక్సుకీ మధ్య మూర దూరం కూడా ఉండేది కాదు. ఒక నిమజ్జనం రాత్రి ఇంటికొచ్చాక ఆ చెవిలో దూది కుక్కినట్టు అయింది. రెండు రోజుల్లో అది విడిచింది గానీ లోపల మోత ఉండిపోయింది.

మొదట్లో అది చెవిలోది అనుకోలేదు. మా వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకి 50 సార్లు) కాబట్టి ట్రాన్స్‌ఫార్మరు 100 హెర్ట్జ్ దగ్గర గుయ్యిమంటుంది, నాకు వినిపించేదీ ఇంచుమించు అదే స్థాయి. లైన్‌మేన్‌ని పిలిచి చూపించాను కూడా. “బాగానే ఉంది గదండీ, ఏటి మోత?” అన్నాడు. అంతలో 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. జీడి తోటలు, కొబ్బరి చెట్లు పడిపోయాయి, స్తంభాలు విరిగిపోయాయి, మా ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. మా వీధి ట్రాన్స్‌ఫార్మరు నేల మీద పడి ఉంది. మోత మాత్రం అలాగే ఉంది. మీకూ ఇలాంటి అనుమానం ఉంటే తుఫాను దాకా ఆగక్కర్లేదు, కరెంటు పోయినప్పుడు పొలం గట్టు మీదకి వెళ్లి నిలబడండి. అక్కడా వినిపిస్తే అది మీ చెవిలోదే.

విశాఖలో చెవి డాక్టరు గారు, వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు గారు చూశారు. పెద్ద మోతల వల్ల ముందు దెబ్బతినేది 3000 నుంచి 6000 హెర్ట్జ్ మధ్య వినికిడి, అందుకే మోత దెబ్బతో వచ్చే హోరు ఎక్కువమందికి సన్నగా, కీచుగా ఉంటుందట. లోతైన హోరు అంటే వేరే కారణాలు కూడా వెతకాలన్నారు. గుబిలి గట్టిపడిందా, కర్ణభేరి వెనక నీరు చేరిందా, కళ్లు తిరిగి వినికిడి తగ్గుతూ పెరుగుతూ ఉండే మెనియర్స్ జబ్బా, చెవిలోని చిన్న ఎముక బిగుసుకుందా, గుండె కొట్టుకునే లయలో మోగుతోందా, ఇవన్నీ అడిగారు, పరీక్షించారు. ఒక్క చెవిలోనే కాబట్టి ఎమ్మారై కూడా తీయించారు. అవేవీ లేవు. వినికిడి పరీక్ష గ్రాఫులో (ఆడియోగ్రామ్) 4000 దగ్గర రెండు చెవులకీ గుంట, అంటే అక్కడ వినికిడి తగ్గింది, ఎడమ చెవికి కింది ఫ్రీక్వెన్సీల్లోనూ కొంచెం తగ్గుదల. లోతైన హోరు ఉన్నవాళ్లు ఈ పరీక్షలు దాటకుండా నేరుగా నా పద్ధతికి రాకండి. రాత్రికి రాత్రి వినికిడి పడిపోతే మాత్రం గంటలు లెక్కపెట్టుకుని పరిగెత్తాలి, దానికిచ్చే స్టెరాయిడ్లు మొదటి రోజుల్లోనే బాగా పనిచేస్తాయి.

తర్వాత వాడినవి గబగబా చెప్తాను. బీటాహిస్టిన్ మాత్రలు, జింకో మాత్రలు నెలల తరబడి మింగాను, తేడా లేదు. జింకో వద్దని అమెరికా చెవి వైద్యుల సంఘం 2014లోనే మార్గదర్శకాల్లో రాసిందని తర్వాత తెలిసింది. మా బామ్మర్ది, “బావా, వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోసుకో, పోతాది” అని ఏడాదంతా వెంటపడ్డాడు. పోసుకోలేదు. వినికిడి మెషీను ట్రయల్‌కి తీసుకున్నాను. మాటలు స్పష్టమయ్యాయి గానీ హోరు మీద పని చేయలేదు. చెవిలో పెట్టే రబ్బరు టోపీకి చిల్లులుంటాయి, బేస్ అందులోంచి బయటికి కారిపోతుంది. చిల్లుల్లేనిది పెడితే చెవి మూసుకుపోయి నా గొంతు, నా హోరు రెండూ పెద్దవయ్యాయి. కీచు హోరు ఉన్న మా పెదనాన్న గారికి అదే మెషీను బాగా పనిచేసింది, కాబట్టి వస్తువు మీద నాకు ఫిర్యాదు లేదు.

ఫోన్ యాప్‌ల సంగతి వేరు. వాన, జలపాతం, ఫ్యాన్, అన్నీ ఉచితంగా దొరుకుతాయి. పని చేయకపోవడానికి కారణం మా వృత్తిలో చిన్న కుర్రాడైనా చెప్తాడు: గోరంత స్పీకరులోంచి బేస్ రాదు. 120 హెర్ట్జ్ హోరుని కప్పాలంటే ఆ చుట్టుపక్కల శబ్దం గదిలో నిజంగా ఉండాలి. ఫోన్‌లో వచ్చేది పైన సర్రుమనే భాగం మాత్రమే. చిన్న బ్లూటూత్ డబ్బాలూ అంతే.

నా హోరు 120 దగ్గరని టోన్ జెనరేటర్ పెట్టి పోల్చుకున్నాను. ఆడియాలజిస్టు గారు ఒక జాగ్రత్త చెప్పారు. ఇలా పోల్చేటప్పుడు చాలామంది ఒక ఆక్టేవ్ (అంటే ఫ్రీక్వెన్సీ సరిగ్గా రెట్టింపో, సగమో) పొరబడతారు, కాబట్టి 60 దగ్గరా 240 దగ్గరా కూడా విని చూడాలి.

ఇక అసలు సంగతి. వైట్ నాయిస్‌లో అన్ని ఫ్రీక్వెన్సీలూ సమానంగా ఉంటాయి, మనకి సర్రుమని వినిపిస్తుంది. బ్రౌన్ నాయిస్‌లో పై ఫ్రీక్వెన్సీలకి వెళ్లేకొద్దీ ప్రతి ఆక్టేవ్‌కీ 6 డెసిబెల్స్ (శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత) చొప్పున తగ్గుతూ పోతుంది, అంటే బరువంతా కిందనే. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి వూఫరుకి పెట్టాను. వూఫరుని నేల మీద, గది మూలకి జరిపాను. మూలలో పెడితే బేస్ పెరుగుతుంది, వాల్యూమ్ తక్కువ పెట్టినా సరిపోతుంది. ట్రెబుల్ పూర్తిగా తగ్గించేశాను.

వాల్యూమ్ ఎంత అన్నదే కిటుకు. నేను మొదట హోరు వినపడనంత పెంచాను. ఆడియాలజిస్టు గారు వద్దన్నారు. హోరు కొంచెం పైన, శబ్దం కొంచెం కింద, రెండూ కలిసి వినపడేలా పెట్టాలి. పూర్తిగా ముంచేస్తే మెదడుకి ఆ హోరుతో అలవాటుపడే అవకాశమే ఉండదట. హోరుకి మెదడుని అలవాటు చేయాలని 1990లో పావెల్ జాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన పద్ధతికి ఇదే మూలం. మొదటి వారాలు నాకు ఇది మోసంలా అనిపించింది. వినపడకుండా చేయనిది ఇంకెందుకు? రెండు, మూడు నెలలకి నిద్ర మధ్యలో లేవడం తగ్గింది. టైమరు పెట్టకండి, ఆగిపోయిన క్షణాన మెలకువ వచ్చేస్తుంది.

లోపాలు లేకపోలేదు. మొదటి రాత్రి మా ఆవిడ లేచి పెరట్లోకి పరిగెత్తింది. “ఏటండీ ఇది, వాన పడతందని బట్టలు తీసేశాను!” అని చీవాట్లు. ఆమెకి అలవాటు పడటానికి నాకంటే ఎక్కువ కాలం పట్టింది. కరెంటు పోతే ఫ్యాన్, వూఫరు ఒకేసారి ఆగుతాయి, అప్పుడు హోరు మీదపడుతుంది. ఎండాకాలంలో మా దగ్గర అది చిన్న విషయం కాదు. చివరికి వూఫరుని కూడా ఇన్వర్టరు లైనులో కలిపించాను. ఊరెళ్తే వెంట తీసుకెళ్లలేం. ఒక్క భావనపాడులో బంధువుల ఇంట్లో మాత్రం అవసరం రాలేదు, సముద్రం మోతలో కావలసినంత బేస్ ఉంది.

తగ్గిందా అని అడిగితే, లేదు. ఈ మధ్య పరీక్షలో కూడా హోరు అదే స్థాయిలో ఉన్నట్టు తేలింది. కానీ పనిలో ఉంటే గంటలు గంటలు దాని ఊసే రాదు, ఎవరైనా “ఇంకా ఉందేటి?” అని అడిగాకే వినిపిస్తుంది. ఇది రాస్తున్నంతసేపూ మోగుతూనే ఉందనుకోండి. పదికి ఏడు ఇస్తాను.

పని మానలేదు, మిక్సరుని మాత్రం వ్యాన్ దించి దూరం జరిపాను. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతాయి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు తట్టుకునే చెవి, పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం చొప్పున తగ్గి, 100 దగ్గర పావుగంటే తట్టుకుంటుంది. సంబరం రాత్రి బాక్సు పక్కన ఎంత ఉంటుందో మావాళ్లకి తెలుసు. ఫోమ్ ప్లగ్‌లు వాడతాను. చెవిని పైకి, వెనక్కి లాగి, నలిపిన ప్లగ్‌ని లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా వేలు పెట్టి ఉంచాలి. పైపైన పెడితే బేస్ అలాగే లోపలికి వస్తుంది. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మాత్రం పెట్టుకోవద్దు, హోరు ఇంకా పెద్దగా వినిపిస్తుంది.

పాత వూఫరు కొనేవాళ్లకి ఒక మాట. కొట్లోనే ప్లగ్ పెట్టించి, పాట ఏదీ వేయకుండా వాల్యూమ్ సున్నాలో ఉంచి చెవి ఆనించి వినండి. ఎర్తింగ్ సరిగా లేనివి, కెపాసిటర్లు పోయినవి సొంతంగా 50 దగ్గరో, 100 దగ్గరో గుయ్యిమంటాయి. నేను చూసిన వాటిలో సగం అలాంటివే. అవి ఎంత చవగ్గా ఇచ్చినా వదిలేయండి.