పేరెత్తి పోల్చడమా, ముందే ప్రకటించడమా, కలిసి నడవడమా: ఏది మేలు?

సర్వర్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీల్లో ఎప్పుడూ నలిగే ప్రశ్న ఇది. పెద్ద కంపెనీ మన మార్కెట్లో దిగింది. దాని పేరెత్తి ఫీచర్లు పోల్చాలా? రాబోయే వెర్షన్‌ను ముందే చాటాలా? వాళ్ల సరుకుతో కలిసి నడుస్తామనాలా? మూడూ చేసి చూసిన కంపెనీ నోవెల్; ఆఫీసు కంప్యూటర్లను కలిపే 'నెట్‌వేర్' అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ దానిదే. 1993లో దానికి పోటీగా మైక్రోసాఫ్ట్ ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ ఎన్‌టీ వచ్చింది, 2000లో యాక్టివ్ డైరెక్టరీ (వాడకందారులు, యంత్రాల జాబితాను ఒకచోట ఉంచే మైక్రోసాఫ్ట్ సరుకు) వచ్చింది. ఈ మధ్యలోనే ఆ ఆటంతా.

ఫీచర్ల పట్టికలో ఫైళ్లు, ప్రింటింగు వరుసలు నెట్‌వేర్‌వే. చిక్కేమిటంటే, అవతలివాడు ఇంకో వరుస చేర్చగలడు: "డేటాబేసు, మెయిలు కూడా మా సర్వర్ మీదే." అక్కడ నెట్‌వేర్ వెనకబడుతుంది: నెట్‌వేర్ 3, 4లలో మాడ్యూళ్లన్నీ మామూలుగా ఒకే మెమరీలో నడుస్తాయి, ఒకటి తప్పటడుగేస్తే సర్వరంతా ఆబెండ్, అంటే కుప్పకూలడమే. పట్టిక చేస్తే రీసెల్లర్ల శిక్షణకే ఉంచండి. మనం ఓడే రెండు వరుసలు కూడా అందులో ఉండాలి. కస్టమర్ అడిగినప్పుడు నీళ్లు నమలనక్కర్లేదు.

ముందే ప్రకటించడం పెద్దవాళ్లకే చెల్లుతుంది. రాబోయే విండోస్ గురించి మైక్రోసాఫ్ట్ 'కైరో' పేరుతో ఏళ్ల తరబడి ఊరించింది; కొనేవాళ్లు ఆగారు. చిన్న కంపెనీ అదే పని చేస్తే ఆగిపోయేది తన ఇవాళ్టి అమ్మకమే. నెట్‌వేర్‌నూ, యునిక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమైన తన యునిక్స్‌వేర్‌నూ కలిపి 'సూపర్‌నాస్' తెస్తామన్న నోవెల్, 1995లో యునిక్స్‌వేర్‌నే ఎస్‌సీఓ అనే కంపెనీకి అమ్మేసింది. 

నా ఓటు మూడోదానికి, కలిసి నడవడానికి. ఎందుకంటే అందులో లెక్క ఉంది, ఆ లెక్క కస్టమర్ గదిలోనే వేయొచ్చు. ఎన్‌టీ 4లో డొమైను అంటే ఒకే ఖాతాల జాబితా కింద ఉండే యంత్రాల గుంపు; ఒక డొమైను ఇంకోదాని ఖాతాలను నమ్మే ఏర్పాటు ట్రస్టు. అది ఒక వైపే పనిచేస్తుంది, మూడో డొమైనుకు పాకదు. అన్నీ అన్నింటినీ నమ్మాలంటే 5 డొమైన్లకు 20 ట్రస్టులు, 10కి 90. పదకొండోది పెడితే ఇంకో 20. పైగా ఉద్యోగి ఒక డొమైను నుంచి ఇంకోదానికి మారితే కొత్త ఖాతా తెరవాలి, అనుమతులన్నీ మళ్లీ ఇవ్వాలి. ఖాతాలు, యంత్రాల జాబితానంతా ఒకే చెట్టుగా ఉంచే నోవెల్ డైరెక్టరీ ఎన్‌డీఎస్. దాన్ని ఎన్‌టీకి కలిపే 'ఎన్‌డీఎస్ ఫర్ ఎన్‌టీ'లో డొమైను, ఆ చెట్టులో ఒక ఆబ్జెక్టు. సభ్యత్వం మారిస్తే పని అయిపోతుంది.

ఆనాటి నోవెల్ అమ్మకందారు స్థానంలో ఉంటే చెప్పే వరస ఇది: బోర్డు మీద వాళ్ల డొమైన్ల సంఖ్య రాయండి, అందులోంచి ఒకటి తీసేసిన సంఖ్యతో హెచ్చవేయండి. కిందటి బదిలీకి ఎంతసేపు పట్టిందో అడ్మిన్‌నే అడగండి. ఖర్చు చూసే ఆయనతో ట్రస్టుల గొడవ ఎత్తొద్దు. "కొన్న ఎన్‌టీ సర్వర్లు వృథా కావు" అన్న ముక్క చాలు. పోటీదారును తిట్టకండి; ఆ సర్వర్లు కొనమని సంతకం పెట్టింది ఎదురుగా కూర్చున్న ఆయనే కావచ్చు.

ఇందులోనూ రెండు గుంటలున్నాయి. ఎన్‌డీఎస్ ఫర్ ఎన్‌టీ, డొమైన్ కంట్రోలర్‌లో (డొమైను ఖాతాలు ఉండే సర్వర్) ఖాతాల పని చూసే సామ్‌సర్వ్ డీఎల్ఎల్ ఫైలును తీసి తనది పెడుతుంది. ప్రైమరీలోనే కాదు, బ్యాకప్ కంట్రోలర్లన్నింటిలోనూ పెట్టాలి. "రేపు మైక్రోసాఫ్ట్ సర్వీస్ ప్యాక్ (సవరణల మూట) దాన్ని తుడిచేస్తే?" అన్నది అడ్మిన్ మొదటి ప్రశ్న. సర్వీస్ ప్యాక్‌కు ముందు ఏం చేయాలి, తేడా వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి కరపత్రం మొదటి పేజీలోనే ఉండాలి. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో పెడితే దాచిపెట్టినట్టే. రెండోది, "ఎన్‌టీతోనే నడిస్తే మీ సర్వర్ ఎందుకు?" అని అడుగుతారు. అమ్మేది డైరెక్టరీ, ధర వాడకందారు లెక్కన అని ధరల పట్టికే చెప్పాలి. ధర సర్వర్ మీద ఉంచి మాట డైరెక్టరీ గురించి చెబితే ఎవరూ నమ్మరు.

ఈ మాటకు గడువు కూడా ఉంటుంది. నోవెల్ చేతికి డైరెక్టరీ 1993లోనే, నెట్‌వేర్ 4తో వచ్చింది. ఎన్‌టీ మీద దాన్ని నడిపే సరుకు మాత్రం ఆ దశాబ్దం చివర్లోగానీ రాలేదు. యాక్టివ్ డైరెక్టరీతో వచ్చిన విండోస్ 2000లో ఒకే ఫారెస్టు (డొమైన్ల సముదాయం)లోని డొమైన్ల మధ్య ట్రస్టులు రెండు వైపులా, వాటంతటవే ఏర్పడతాయి. ఆ రోజుతో బోర్డు మీది 90 చెరిగిపోయింది.