పీఎస్2ని కొత్త టీవీకి పెట్టుకునేవాళ్ల కోసం: రెట్రోటింక్ 5ఎక్స్ ప్రో (పాత కన్సోల్ బొమ్మని కొత్త టీవీకి సరిపడేలా మార్చి పంపే డబ్బా) వాడాక నా మాట

మా ఇంట్లో పీఎస్2 (సోనీ ప్లేస్టేషన్ 2 గేమ్ కన్సోల్) ఇంకా బతికే ఉంది, స్లిమ్ మోడల్, 2007లో నాన్న కొనిచ్చింది. డబ్బా టీవీ పోయి 43 అంగుళాల 4కే టీవీ వచ్చాక మాత్రం దాన్ని ఆన్ చేయాలంటే మనసొప్పేది కాదు. మొహాలన్నీ అలికేసినట్టు, ఎర్ర అక్షరాలు పక్కకి కారినట్టు, పైగా బటన్ నొక్కాక కాసేపటికి గానీ బొమ్మ కదలదు. మా తమ్ముడు చూసి "అన్నా, చిన్నప్పుడు కూడా ఇలాగే ఉండేదా?" అన్నాడు. లేదురా, అప్పుడు నిజంగానే బాగుండేది.

ముందు కోఠీ గుజరాతీ గల్లీలో ఒక చిన్న ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బా కొన్నా, పైన 1080పీ అని రాసుంటుంది. దయచేసి అలాంటివి కొనకండి. పసుపు పిన్ను వైరులో రంగు, వెలుగు రెండూ కలిసిపోయి వస్తాయి, ఒకసారి కలిశాక వాటిని పూర్తిగా విడదీయడం ఎవరి వల్లా కాదు, ఆ డబ్బా చేసేదల్లా ఆ మసకనే పెద్దది చేసి చూపించడం. నా దానికైతే 4:3 (పాత టీవీ ఆకారం) బొమ్మని అడ్డంగా సాగదీసే జబ్బు కూడా ఉంది, కార్లన్నీ నొక్కేసినట్టు కనపడేవి.

అందుకే చెప్తున్నా, ముందు మార్చాల్సింది వైరు. పీఎస్2కి కాంపొనెంట్ వైరు దొరుకుతుంది, బొమ్మకి ఆకుపచ్చ, నీలం, ఎరుపు పిన్నులు, సౌండ్‌కి ఇంకో రెండు. పీఎస్3 కాంపొనెంట్ వైరు కూడా దీనికి పనికొస్తుంది, వెనక పోర్టు ఒకటే, కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. వైరు మార్చే ముందే, పాత వైరు ఉండగానే, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లోకి వెళ్లి కాంపొనెంట్ వీడియో ఔట్ దగ్గర ఆర్‌జీబీ తీసేసి వై సీబీ/పీబీ సీఆర్/పీఆర్ అని ఉన్నది పెట్టుకోండి. నేను అది చేయకుండా తగిలించేశా, స్క్రీన్ అంతా ఆకుపచ్చగా వచ్చింది, కన్సోల్ పోయిందేమో అని గుండె ఆగినంత పనైంది.

ఇక అసలు వస్తువు, రెట్రోటింక్ 5ఎక్స్ ప్రో. మైక్ చీ అనే ఆయన డిజైన్ చేసింది, 2021లో వచ్చింది, అప్పట్లో దాదాపు 300 డాలర్లు. మా బావ డల్లాస్ నుంచి వస్తూ తెచ్చాడు. అరచేతిలో పట్టేంత డబ్బా, చిన్న రిమోట్ ఇస్తారు. ఇది చేసే పని ఏంటంటే, పాత పీఎస్1 గేములు ఎక్కువగా 240పీలో (240 గీతలు, అన్నీ ఒకేసారి) వస్తాయి, చాలా కొత్త టీవీలు దాన్ని 480ఐ (480 గీతలు, సగం సగం వంతులవారీగా) అనుకుని లేని గీతల్ని కలపడానికి చూస్తాయి, దాంతో మిణుకుమిణుకుమనే నీడలు, దెబ్బ తగిలినప్పుడు మెరిసే బొమ్మలు సగం గీతలుగా వస్తాయి, ఒక్కోసారి అసలు కనపడవు. 5ఎక్స్ దాన్ని 240పీగానే గుర్తుపట్టి ఒక్కో గీతని సరిగ్గా ఐదు చేస్తుంది. అలా 1200 గీతలవుతాయి కదా, 1080పీలో పట్టవు, అందుకే ఓవర్ అనే మోడ్‌లో పైనా కిందా కాస్త కోసేస్తుంది, 216 గీతలే కనపడతాయి. చాలా గేముల్లో ఆ కోసిన చోట ఏమీ ఉండదు. లైఫ్ బార్ మరీ అంచున ఉన్న గేమైతే ఫిల్ మోడ్‌కి మార్చుకోండి.

పీఎస్2 గేములు ఎక్కువ శాతం 480ఐ, ఇక్కడే దీనికి పెట్టిన డబ్బు కనపడుతుంది. కదలని చోట రెండు ఫీల్డులూ (వంతులవారీగా వచ్చే ఆ సగం సగం గీతలు) కలిపి నిండుగా చూపిస్తుంది, కదిలే చోట మాత్రమే సర్దుతుంది. ఇలాంటి పనే చేసే ఓఎస్‌ఎస్‌సీ అనే ఇంకో డబ్బా కూడా మంచి పరికరమే, ఆలస్యం దాదాపు ఉండదు, కానీ 480ఐలో బొమ్మ వణుకుతుంది, పీఎస్2 ఒక్కటే ఉన్నవాళ్లకి నేను అది చెప్పను. కార్ రేసుల గేమ్ గ్రాన్ టురిస్మో 4 ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్ పద్ధతి) డిస్క్ ఉంటే 480పీ (480 గీతలూ ఒకేసారి) పెట్టి ఆడి చూడండి, దూరంగా మలుపు దగ్గర బ్రేక్ వేయాల్సిన చోటు చూపించే బోర్డు మీద అంకెలు చదవగలిగా నేను, ఇన్నేళ్లలో మొదటిసారి. పాల్ (పీఏఎల్, యూరప్, ఇండియా పద్ధతి) డిస్కులు చాలావరకు 50 హెర్ట్జ్‌లో వస్తాయి, మీ టీవీ తీసుకుంటుందో లేదో ముందే చూసుకోండి.

టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయడం మర్చిపోకండి, అది లేకపోతే ఈ డబ్బా ఎంత త్వరగా పంపినా టీవీ దగ్గరే ఆలస్యమైపోతుంది.

రేటు ఎక్కువే, కాదనను. చేతి పని వచ్చినవాళ్లు జీబీఎస్-సీ అనే, సొంతంగా తయారుచేసుకునే కన్వర్టర్ చూడండి, తక్కువలో అయిపోతుంది, కాంపొనెంట్ తీసుకుంటుంది, 480ఐ కూడా బాగానే చేస్తుంది, కాకపోతే బోర్డు కొని చిప్ అతికించుకోవాలి, అవుట్‌పుట్ వీజీఏ కాబట్టి ఇంకో కన్వర్టర్ కావాలి. చిన్నప్పటి క్యాసెట్ల టీవీ గేమ్ మాత్రమే ఉన్నవాళ్లు 5ఎక్స్ దాకా వెళ్లొద్దు, దానికున్నది ఆ పసుపు పిన్నే, రెట్రోటింక్‌లోనే చిన్నదైన 2ఎక్స్ మినీ చాలు.

మొన్న శనివారం రాత్రి నేనూ తమ్ముడూ రెండింటి దాకా ఆడాం, మధ్యలో నాన్న లేచి వచ్చి "కొత్తది కొన్నార్రా?" అని అడిగారు.