రెండున్నరేళ్లుగా మా పిల్లల వర్క్‌బుక్కులు ఇంట్లోనే బైండు చేస్తున్నాం

మా పాపకి పదకొండేళ్లు, బాబుకి ఎనిమిది. ఇద్దరూ ఇంట్లోనే చదువుకుంటారు. తిరుపతిలో బైరాగిపట్టెడలో ఉంటాం. హోమ్‌స్కూలింగ్ మొదలుపెట్టిన ఏడాది బజారులో దొరికిన వర్క్‌బుక్కులన్నీ సంచి నిండా కొన్నాను. పాపకి అప్పటికే గుణింతాలు వచ్చు. ఒత్తుల దగ్గర ఆగిపోయేది. పుస్తకం తిప్పి చూస్తే గుణింతాలకి నలభై పేజీలు, ఒత్తులకి నాలుగు. ఆ నాలుగు పేజీల్లాంటివే ఇంకో ఇరవై నేను రాసి, జిరాక్స్ తీయించి, స్టేపుల్ కొట్టి ఇచ్చాను. వారం తిరక్కుండా చిరిగిపోయింది కానీ, పాప చివరి పేజీ దాకా రాసిన మొదటి పుస్తకం అదే.

మొదటి ఏడాదిన్నర యూనివర్సిటీ వైపున్న జిరాక్స్ షాపుల్లో స్పైరల్ చేయించాను. పుస్తకం బల్ల మీద చక్కగా పరుచుకుంటుంది, పూర్తిగా వెనక్కి మడుచుకుంటుంది, నలభై రూపాయల్లో అయిపోతుంది. ఇబ్బంది ఒక్కటే. ఒకసారి స్పైరల్ పడ్డాక లోపలికి పేజీ చేర్చలేం. పిల్లలు ఎక్కడ తడబడతారో జూన్‌లో మనకేం తెలుస్తుంది? ఆగస్టులో తెలుస్తుంది. అప్పటికి పుస్తకం మూసుకుపోయి ఉంటుంది. పైగా ఎండాకాలం వచ్చేసరికి షాపుల్లో కాలేజీ పిల్లల ప్రాజెక్టు రికార్డుల రద్దీ. మన పుస్తకం సాయంత్రానికి ఇస్తామంటారు, మూడో రోజుకి ఇస్తారు.

అందుకే రెండున్నరేళ్ల కింద 4,200 రూపాయలు పెట్టి కోంబ్ బైండింగ్ మిషన్ కొన్నాను. దువ్వెన పళ్లలా ఉండే ప్లాస్టిక్ రింగులు ఎక్కించేది. ఏ4 కాగితం పొడుగు వైపు 21 రంధ్రాలు పడతాయి. మీట లాగితే రింగులు తెరుచుకుంటాయి, పేజీలు ఎక్కించి వదిలేస్తే మూసుకుంటాయి. రేపు మళ్లీ తెరవచ్చు. నేను డబ్బు పెట్టింది ఈ ఒక్క గుణానికే, ఇన్నాళ్లూ నన్ను నిలబెట్టిందీ ఇదే. పాపకి భాగహారంలో శేషం అర్థం కాలేదనుకోండి, ఆ రాత్రే ఆరు పేజీలు ప్రింట్ తీసి సరిగ్గా ఆ పాఠం పక్కనే పెట్టేస్తాను. పొద్దున పుస్తకం తెరిచేసరికి అవి మొదటి నుంచీ ఉన్నట్టే ఉంటాయి.

మిషన్ లోపాలు కూడా చెప్పాలి. ఒకేసారి పన్నెండు కాగితాలకి రంధ్రాలు వేస్తుందని అమ్మినాయన చెప్పాడు. 75 జీఎస్ఎమ్ (కాగితం మందాన్ని చెప్పే బరువు లెక్క) కాగితం ఎనిమిది దాటితే మీట బిగుసుకుపోతుంది. 100 జీఎస్ఎమ్ అయితే ఐదు చాలు. మొదటి నెలలో పది పెట్టి గట్టిగా లాగితే మిషన్‌లో రంధ్రాలు వేసే పన్ను ఒకటి వంగింది, బాగు చేయించడానికి ఆరు వందలైంది. రెండోది, కాగితం అంచు ఆనుకునే గైడు సరిగ్గా బిగించకపోతే చివరి రంధ్రం సగం తెగి అంచు ఊడిపోతుంది. అసలు పేజీలు పెట్టేముందు ప్రతిసారీ ఒక చిత్తుకాగితం మీద వేసి చూసుకోండి. కోంబ్ పుస్తకం స్పైరల్‌లా పూర్తిగా వెనక్కి మడుచుకోదు కాబట్టి బల్ల మీద చోటు ఎక్కువ కావాలి. ఇంకా, మే నెలలో ఒక మధ్యాహ్నమంతా కారు వెనక అద్దం దగ్గర వదిలేసిన రెండు పుస్తకాల రింగులు విప్పారిపోయి మళ్లీ ముడుచుకోలేదు. మన ఊరి ఎండ సంగతి తెలిసిందే.

ఇప్పుడు మా బాబు సంగతి. వాడిది పుర్రచెయ్యి. మొదట్లో వాడు రాసేటప్పుడు పుస్తకాన్ని అడ్డంగా తిప్పేసుకునేవాడు, అక్షరాలన్నీ ఒరిగిపోయేవి. బద్ధకమనుకుని చాలాసార్లు కోప్పడ్డాను. ఒకరోజు అన్నం తినిపిస్తూ వాడి ఎడమ మణికట్టు చూశాను. లోపలి వైపు చిన్న చిన్న ఎర్రటి గీతలు, వరుసగా, సమానమైన దూరంలో. రింగుల అచ్చు! తెలుగు ఎడమ నుంచి కుడికి రాస్తాం కదా, ప్రతి వరుసా మొదలుపెట్టేటప్పుడు వాడి చెయ్యి సరిగ్గా రింగుల మీదే ఆనుతోంది. వాడు ఒక్కసారి కూడా నొప్పి అనలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే వాడి పుస్తకానికి రింగులు పైకి మార్చాను, గోడ క్యాలెండర్‌లా. ఏ4 పొట్టి వైపు 14 రంధ్రాలు సరిపోతాయి కాబట్టి 21 రింగుల కోంబ్‌ని కత్తెరతో 14 దగ్గర కత్తిరిస్తాను. మిగిలిన ఏడు రింగుల ముక్క పారేయక్కర్లేదు, ఏ4ని నాలుగు ముక్కలు చేస్తే వచ్చే చిన్న కాగితాల పొట్టి వైపుకి అతికినట్టు సరిపోతుంది. ఎక్కాల చిట్టి పుస్తకాలు అలాగే చేస్తాం.

పైన బైండు చేసేవాళ్లు ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. రెండు వైపులా ప్రింట్ తీసేటప్పుడు సెట్టింగ్స్‌లో 'ఫ్లిప్ ఆన్ షార్ట్ ఎడ్జ్' పెట్టాలి. నేను మామూలుగా వదిలేసి అరవై కాగితాలు ప్రింట్ తీశాక చూస్తే వెనక పేజీలన్నీ తలకిందులు. బైండింగ్ వైపు 20 మిల్లీమీటర్ల మార్జిన్ వదలడం కూడా అలవాటు చేసుకోండి, లేదంటే మొదటి అక్షరం రంధ్రంలోకి పోతుంది. బయట ప్రింట్ తీయిస్తుంటే ఫైల్ పీడీఎఫ్ చేసుకునే వెళ్లండి. వర్డ్ ఫైల్ ఇస్తే ఆ కంప్యూటర్లో మన ఫాంట్ లేక పేజీల లెక్కే మారిపోతుంది. నేను మండలి ఫాంట్ వాడతాను. గుండ్రంగా ఉంటుంది, చిన్నపిల్లలు అక్షరం పోల్చుకోవడం తేలిక.

పేజీ తయారీలో నేను ఎక్కువ కాలం కుస్తీ పట్టింది గీతల దగ్గర. ఇంగ్లిష్‌కి వాడే నాలుగు గీతల రూళ్లు తెలుగుకి పనికిరావు. 'రాష్ట్రం' రాయమంటే కింద ట వత్తు, దానికి తోడు ర వత్తు, రెండూ తర్వాతి వరుసలోకి జారిపోయి కింది అక్షరం నెత్తిన కూర్చుంటాయి. పిల్లలు భయపడి వత్తుని చీమంత చేసేస్తారు, తర్వాత అదే అలవాటవుతుంది. అందుకే అక్షరానికి 14 మిల్లీమీటర్లు, కింద వత్తులకి లేత గీతతో ఇంకో 10 మిల్లీమీటర్లు వదిలి రూళ్లు నేనే గీసుకున్నాను. కాగితం ఎక్కువ ఖర్చవుతుంది, అవనీ. రెండు నెలల్లో బాబు వత్తులు కుదురుకున్నాయి.

పాఠాలకి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పీడీఎఫ్‌లో ఉచితంగా దొరుకుతాయి, మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు కూడా. వాటిని చూసి వరుస తీసుకుంటాను, లెక్కలు మాత్రం మావే. అలిపిరి మెట్లు 3,550, శ్రీవారి మెట్టు 2,388 అంటారు. తేడా ఎంత? 1,162 అని రాసి బాబు ఊరుకోలేదు, నిమిషానికి ఇరవై మెట్లు ఎక్కితే ఎంతసేపు ఆదా అని వాడే ఇంకో ప్రశ్న వేసుకున్నాడు. చిత్తూరులో మా అమ్మవాళ్ల ఇంట్లో తోతాపురి కాయలు తూచిన లెక్కలు ఒక పేజీ, రంగులు వేసుకోవడానికి శేషాచలం కొండల బంగారు బల్లి ఒక పేజీ. కొన్న పుస్తకంలో ఇవెక్కడ దొరుకుతాయి? పాప ఓపెన్ స్కూల్ పదో తరగతి రాయాలంటే పద్నాలుగేళ్లు నిండాలి, కాబట్టి ఇంకో మూడేళ్లు మాకు ఈ వెసులుబాటు ఉంది.

ఖర్చు చెప్తాను. వంద పేజీల పుస్తకం, అంటే యాభై కాగితాలు, ఇంక్ ట్యాంక్ ప్రింటర్ మీద తీసి, అట్టలు, రింగులతో కలిపి అరవై లోపే పడుతుంది. అదే బయట నూటతొంభై దాకా అయ్యేది. పుస్తకానికి 130 మిగిలితే మిషన్ డబ్బు ముప్పై మూడో పుస్తకానికి తిరిగొచ్చినట్టు. మేం ఇప్పటికి డెబ్బై దాకా చేశాం. ఏడాదికి నాలుగైదు పుస్తకాలు చాలనుకునేవాళ్లు మిషన్ కొనొద్దు, షాపుకే వెళ్లండి.

జిగురు బైండింగ్ పిల్లల వర్క్‌బుక్కులకి వద్దనే అంటాను. తెరిస్తే పరుచుకోదు, గట్టిగా నొక్కితే నడుము విరుగుతుంది. అట్టలకి మైదా పేస్టు చేద్దామని ఒక పెద్దాయన్ని అడిగితే పురుగు పట్టకుండా మైలుతుత్తం కలపమన్నారు. అది విషం, పిల్లలు పుస్తకం పట్టుకున్న వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. నేను ఫెవికాల్‌తోనే సరిపెడుతున్నాను.

దారం కుట్టు మాత్రం అందరూ నేర్చుకోదగ్గది. నాలుగు ఏ4 కాగితాలు మధ్యకి మడిస్తే పదహారు పేజీల పుస్తకం. మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు. మైనం రాసిన దారాన్ని లోపలి నుంచి మధ్య రంధ్రంలోకి గుచ్చి, బయట పైరంధ్రానికి పోయి లోపలికి రావాలి, లోపలే కిందిదాకా పోయి బయటికి వచ్చి, మళ్లీ మధ్యలోంచి లోపలికి తెచ్చి, లోపల ఉన్న పొడుగు కుట్టుకి అటొక కొస ఇటొక కొస ఉంచి ముడి వేయాలి. పది నిమిషాల పని, మిషన్ అక్కర్లేదు. అట్టకి శ్రీకాళహస్తి నుంచి తెచ్చుకున్న కలంకారీ గుడ్డ ముక్కలు అంటిస్తున్నాం.

ఏడాది చివర కోంబ్ పుస్తకాలన్నీ తెరిచి రింగులు తీసి దాచుకుంటాను, మరుసటేడు మళ్లీ పనికొస్తాయి. ఏ పేజీలు ఉంచుకోవాలో పిల్లలే ఏరతారు. వాటిని దారంతో కుట్టి బీరువాలో పెడతాం. మొన్న బాబు ఏరినవాటిలో 'రాష్ట్రం' పేజీ ఉంది, వత్తులు చీమంత ఉన్న మొదటిది. బాగా రాసింది పెట్టుకో నాన్నా అంటే, రెండూ పక్కపక్కనే కుట్టమన్నాడు.