సృష్టికాలంలో తిరుపతి, చిత్తూరు విచారణల (పారిష్‌ల) యాత్ర

ఏటా సెప్టెంబరు 1 నుంచి అస్సీసిపుర ఫ్రాన్సిస్ గారి పండుగైన అక్టోబరు 4 వరకు కథోలిక శ్రీసభ, ఇతర క్రైస్తవ సంఘాలతో కలిసి, ప్రకృతి సంరక్షణ కోసం ప్రార్థించే సృష్టికాలాన్ని పాటిస్తుంది. సెప్టెంబరు 8న వచ్చే మరియమాత జన్మోత్సవం కూడా ఈ కాలంలోనే పడుతుంది. పండుగ సందడి, ప్రకృతి పట్ల శ్రద్ధ ఒకే ఆవరణలో ఎలా ఇముడుతున్నాయో చూడాలని మా మరియదళం (మరియమాత పేరిట ప్రార్థన, సేవ చేసే విశ్వాసుల సంఘం) సభ్యులం కొందరం ఆ రోజుల్లో తిరుపతికి, అక్కడి నుంచి చిత్తూరుకు వెళ్లాము. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు వేరైనా, ఈ రెండు పట్టణాల కథోలికులు 1976లో ఏర్పడిన కడప మేత్రాసనానికే (బిషప్ గారి పాలనలోని ప్రాంతానికే) చెందుతారు.

వసతులను, సేవలను బేరీజు వేయడానికి మాకొక కొలమానం ముందే ఉంది. ప్రకృతి సంరక్షణపై పోపు ఫ్రాన్సిస్ 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖ (శ్రీసభ అంతటికీ పోపు రాసే లేఖ) లోని 211వ పేరా చాలా మామూలు పనులను ప్రస్తావిస్తుంది: ప్లాస్టిక్, కాగితం వాడకం తగ్గించడం, నీటిని పొదుపు చేయడం, చెత్తను వేరుచేయడం, తినగలిగినంతే వండుకోవడం, బస్సులోనో నలుగురు కలిసి ఒకే వాహనంలోనో ప్రయాణించడం, చెట్లు నాటడం, అక్కరలేని దీపాలు ఆర్పడం.

తిరుపతిలో రైల్వేస్టేషను చుట్టుపక్కల లాడ్జీలకు కొదవ లేదు గాని, శని, ఆదివారాల్లోను, తిరుమల బ్రహ్మోత్సవాల సమయంలోను గది దొరకడం కష్టం. మేము మొదట దిగిన లాడ్జీలో శుభ్రతకు, లిఫ్టుకు, వేడినీటికి వంక పెట్టలేము. అయితే కొండపైకి ప్లాస్టిక్ నీటి సీసాలను అనుమతించని ఊరిలో, కొండ కింద మాత్రం ప్రతి పూటా గదికి రెండేసి సీసాలు తెచ్చిపెట్టడం వింతగా తోచింది. తరువాత మఠకన్యలు (సిస్టర్లు) నడిపే ఒక ధ్యానగృహానికి మారాము. అక్కడ గదులు ఇరుకు, ఏసీ లేదు, సౌరశక్తితో కాగే నీళ్లు ఉదయం మాత్రమే వస్తాయి, రాత్రి తొమ్మిదికి గేటు మూసేస్తారు. వరండాలో మూత పెట్టిన కుండ, పక్కన స్టీలు గ్లాసులు ఉంటాయి. భోజనం గంట కొట్టగానే వెళ్లి ఎవరి పళ్లెం వారే కడుక్కోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు లాడ్జీయే మేలు, తక్కినవారికి మాత్రం నేను ధ్యానగృహాన్నే సూచిస్తాను.

తిరుపతిలో మేము ఆదివారం దివ్యబలిపూజకు (మాస్‌కు) వెళ్లిన విచారణ పెద్దది. ఫాదర్ గారి ప్రసంగం చక్కగా ఉంది, శేషాచలం అడవుల గురించి, వాటిలో సహజంగా పెరిగే ఎర్రచందనం గురించి చెబుతుంటే పిల్లలు సైతం కదలకుండా విన్నారు. పూజ తరువాత పంచిన మొక్కలు మాత్రం నల్ల ప్లాస్టిక్ కవర్లలో వచ్చాయి, వాటిని ఎక్కడ నాటాలో, ఎవరు నీళ్లు పోయాలో ఎవరూ చెప్పలేదు. భోజనాలకు థర్మాకోల్ పళ్లాలు వాడారు.

తిరుపతి నుంచి చిత్తూరు డెబ్బై కిలోమీటర్ల దూరం. పాకాల మీదుగా రైలు కూడా ఉంది గాని, ఆర్టీసీ బస్సులు తరచుగా ఉంటాయి కాబట్టి వాటినే నమ్ముకోవచ్చు. వినాయక చవితి నుంచి ఇరవై ఒక్క రోజులు కాణిపాకంలో బ్రహ్మోత్సవాలు జరుగుతాయి. ఆ రోజుల్లో చిత్తూరు బస్సుల్లో నిలబడేందుకు కూడా చోటుండదు.

చిత్తూరులో మేము చూసిన విచారణ చిన్నది, గుడికి సున్నం వేసి చాలా కాలమైనట్లుంది, అతిథులకు ప్రత్యేకమైన గదులు లేవు. అయినా 211వ పేరాను అక్కడ చదవనవసరం లేకుండానే చూడవచ్చు. పండుగ ముందు రోజు సాయంత్రానికల్లా ప్రతి చిన్న క్రైస్తవ సంఘం (వీధిలోని విశ్వాసుల బృందం) నాయకురాలు తమ వీధి నుంచి భోజనానికి ఎంతమంది వస్తారో వంటవారికి చెప్పాలి. ఆ లెక్క చూశాకే బియ్యం కొలుస్తారు. గ్లాసు ఎవరిది వారే ఇంటి నుంచి తెచ్చుకుంటారు, వడ్డన విస్తరాకుల్లో. ఎంగిలాకులు, తేరుకు కట్టిన చామంతులు ఆవరణ వెనుక ఎరువు గుంటలోకి, చేతులు కడిగిన నీళ్లు అరటిచెట్ల పాదుల్లోకి వెళ్తాయి. మొక్కల గురించి అడిగితే, విశ్వాసులకు మతబోధ చేసే ఉపదేశి గారు నవ్వుతూ, "నిరుడు ఇచ్చింది బతికిందని చూపిస్తేనే ఈ ఏడు కొత్తది ఇస్తాము సార్" అన్నారు. గోడ వెంట ఎదిగిన వేప, కానుగ చెట్లు ఆ నియమానికి సాక్ష్యంగా ఉన్నాయి.

తేరు ఊరేగింపులో టపాకాయలు మాత్రం ఇక్కడా తప్పలేదు. పొగకు ముందు వరుసలోని ముసలమ్మలు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. యువకులను ఎవరూ వారించలేదు. మైకు హోరు కూడా అవసరానికి మించే ఉంది.

సంఘజీవితాన్ని దగ్గరగా చూడాలంటే పండుగ రోజు కన్నా దానికి ముందు జరిగే నవదిన ప్రార్థనల రోజుల్లో వెళ్లడం మంచిది. అప్పుడు ఒక్కో సాయంత్రం ఒక్కో వీధివారు పూజ బాధ్యత తీసుకుంటారు, జనం తక్కువ, మాట్లాడటానికి తీరిక ఎక్కువ. చిత్తూరులో రాత్రి ఉండదలిస్తే బస్టాండు దగ్గరి సాధారణ లాడ్జీలే గతి. తిరుపతి ధ్యానగృహంలో గది కావాలంటే ముందుగా ఫోన్ చేయాలి. మాకు సొంత విచారణ గురువు ఇచ్చిన పరిచయ లేఖ చూశాకే తాళంచెవి ఇచ్చారు.